వడగళ్లకి దెబ్బతిన్న రూఫ్: ఎస్టిమేట్ 21,000, చెక్కు 3,600. ఇదేం లెక్క?

కొత్తిల్లు_డాలస్
టెక్సస్, డాలస్‌కి ఉత్తరాన ఇల్లు. రెండంతస్తులు, హిప్ రూఫ్ (నాలుగు వైపులా వాలు), షింగిల్స్ (పైకప్పు పలకలు) వేసి 12 ఏళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే అడ్జస్టర్ వచ్చి చూసి రూఫ్ మొత్తం మార్చాల్సిందేనని ఒప్పుకున్నాడు. ఎస్టిమేట్ 21,000 డాలర్లు, వచ్చిన చెక్కు 3,600. డ్వెల్లింగ్ కవరేజీ (ఇంటికి బీమా చేసిన మొత్తం) 4,50,000, విండ్/హెయిల్ డిడక్టిబుల్ (గాలి, వడగళ్ల నష్టంలో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) 2 శాతం. రూఫర్ కొటేషన్ 26,500. పైగా "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అంటున్నాడు. చెక్కు ఇంత తక్కువెందుకు? తేడా 5,500 ఎవరు కట్టాలి? ఈ రూఫర్‌తో సంతకం పెట్టొచ్చా?

లెక్కలపుస్తకం
2 శాతం అంటే నష్టంలో కాదండీ, డ్వెల్లింగ్ కవరేజీలో. అంటే 9,000. చాలామంది రెన్యువల్ కాగితం మీద 2 అంకె చూసి చిన్నదే కదా అనుకుంటారు.

21,000 అన్నది ఇవాళ కొత్త రూఫ్ వేయడానికయ్యే ఖర్చు. 30 ఏళ్ల షింగిల్‌లో 12 ఏళ్లు అయిపోయాయి కాబట్టి 40 శాతం తరుగుదల, 8,400. మిగిలిన 12,600లో డిడక్టిబుల్ 9,000 పోతే 3,600. లెక్క తప్పలేదు.

చూడాల్సింది ఆ 8,400 తిరిగొస్తుందా లేదా అన్నది. ఎస్టిమేట్ చివర సమ్మరీ పేజీలో "రికవరబుల్ డిప్రీసియేషన్" (తిరిగొచ్చే తరుగుదల) అని ఉంటే పని పూర్తయ్యాక వస్తుంది. "నాన్ రికవరబుల్" అని ఉన్నా, డిక్లరేషన్స్ పేజీలోని (పాలసీ ముఖ్య వివరాల పేజీ) ఎండార్స్‌మెంట్ల, అంటే పాలసీకి చేర్చిన షరతుల జాబితాలో రూఫ్ పేమెంట్ షెడ్యూల్ (రూఫ్ వయసుని బట్టి ఇంతే ఇస్తామనే పట్టిక) లాంటిది ఉన్నా, ఆ డబ్బు మర్చిపోవచ్చు.

తిరిగొచ్చే రకమైతే ఫైనల్ ఇన్‌వాయిస్, పని పూర్తయిన ఫొటోలు పంపాలి. గడువు చెక్కుతో వచ్చిన ఉత్తరంలో ఉంటుంది, ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. ఇన్‌వాయిస్ 19,000కే వస్తే ఆ 2,000 మీ జేబులోకి రాదు, కంపెనీ తగ్గించుకునే ఇస్తుంది.

షింగిల్‌శాస్త్రి
5,500 తేడా గురించి. మొత్తాలు పోల్చి లాభం లేదు, రెండు ఎస్టిమేట్లూ పక్కపక్కన పెట్టి వరస వరస చూడండి. అడ్జస్టర్లు ఎక్కువగా వదిలేసేవి ఇవీ:

కొలత, వేస్టేజీ. 100 చదరపు అడుగులు ఒక స్క్వేర్. హిప్ రూఫ్‌లో కోతలు ఎక్కువ కాబట్టి 15 శాతం దాకా వేస్టేజీ మామూలే. గేబుల్ రూఫ్‌కి (రెండు వైపులే వాలు) సరిపోయే 10 శాతం వేసి వదిలేస్తారు. రూఫ్ 28 స్క్వేర్లైతే ఒక్క ఇక్కడే 1.4 స్క్వేర్ల తేడా. మాట మీద వాదించొద్దు, ఏరియల్ మెజర్‌మెంట్ రిపోర్ట్ (పైనుంచి తీసిన ఫొటోలతో వేసిన కొలతలు) జతచేయండి.

స్టార్టర్ (అంచున వేసే మొదటి వరస), రిడ్జ్ క్యాప్ (రూఫ్ శిఖరం మీద కప్పే పలకలు). "స్టార్టర్ వేస్టేజీలోనే వస్తుంది" అని జవాబిస్తారు. షింగిల్ తయారీదారు ఇన్‌స్టలేషన్ సూచనల్లో స్టార్టర్ స్ట్రిప్ అడిగిన పేజీ తీసి పంపండి. లామినేటెడ్ (మందపాటి) షింగిల్స్ వేస్తూ, రిడ్జ్ క్యాప్ మాత్రం 3-ట్యాబ్ (పల్చటి, చవక రకం) కోసి వేసే రేటుకి రాస్తే అదీ ఒప్పుకోవద్దు.

స్టీప్ చార్జ్ (ఎక్కువ వాలుకి అదనపు రేటు). వాలు 7/12 (12 అంగుళాల అడ్డానికి 7 అంగుళాల ఎత్తు) నుంచి మొదలవుతుంది, 10/12 నుంచి రేటు మారుతుంది. పాతది పీకడానికి ఒకసారి, కొత్తది వేయడానికి ఒకసారి ఉండాలి. రెండో అంతస్తు చార్జ్ కూడా అంతే.

డ్రిప్ ఎడ్జ్ (రూఫ్ అంచున నీటిని కిందికి జార్చే లోహపు పట్టీ). ఆస్ఫాల్ట్ షింగిల్స్‌కి ఇది 2012 ఐఆర్‌సీ (ఇళ్ల నిర్మాణ నమూనా కోడ్) నుంచి తప్పనిసరి. పాత రూఫ్‌కి లేకపోతే "లేనిదానికి డబ్బులివ్వం" అంటారు. మీ పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజీ ఉంటేనే కోడ్ ఖర్చు ఇస్తారు. సిటీ ఏ కోడ్ అమలు చేస్తోందో పర్మిట్ ఆఫీసులో కనుక్కుని, ఆ సెక్షన్ జతచేయండి.

ఇవి కాక పైప్ జాక్స్, వ్యాలీ మెటల్, స్టెప్ ఫ్లాషింగ్ (పైపులు, వాలులు, గోడలు కలిసేచోట నీరు దిగకుండా వేసేవి), గటర్లు, కిటికీ జాలీలు. ఏసీ కండెన్సర్ ఫిన్స్ వంగాయేమో కూడా చూడండి. మెత్తటి లోహం మీద సొట్టలే వడగళ్లకి గట్టి సాక్ష్యం. షింగిల్ మీది మచ్చని పాతబడి రాలిన రేణువులని కొట్టిపారేయగలరు, గటర్ మీది సొట్టని అలా అనలేరు. సుద్దతో గుండ్రంగా గీసి, పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి.

రూఫ్‌తో పాటు గటర్లు, పెయింట్, జాలీలు కూడా ఉంటే జనరల్ కాంట్రాక్టర్ ఓవర్‌హెడ్, ప్రాఫిట్ (10 శాతం, 10 శాతం) అడగొచ్చు. "మూడు పనులుంటేనే ఇస్తాం" అన్నది ఆఫీసు వాడుక, మీ పాలసీలో వెతికితే బహుశా కనిపించదు.

ఈ సప్లిమెంట్ (వదిలేసినవి కలపమని కంపెనీకి పంపే అభ్యర్థన) పాత షింగిల్స్ పీకకముందే వెళ్లాలి. పీకేశాక రీ-ఇన్‌స్పెక్షన్‌కి చూపించడానికేం మిగలదు. డెక్కింగ్ (షింగిల్స్ కింది చెక్క) మాత్రం పీకాకే బయటపడుతుంది కాబట్టి మూసేలోపు టేప్ పెట్టి ఫొటోలు తీయించండి. కుళ్లిన చెక్క పాతబడి పోయిందే అయితే ఎవరూ ఇవ్వరు.

కొత్తిల్లు_డాలస్
చాలా థాంక్సండీ. సప్లిమెంట్ నేను పంపాలా, రూఫర్ పంపాలా?

లెక్కలపుస్తకం
రూఫర్ తన ధర, పని వివరాలు అడ్జస్టర్‌తో మాట్లాడొచ్చు. మీ తరఫున పాలసీ కవరేజీ గురించి బేరమాడకూడదు. టెక్సస్‌లో దానికి పబ్లిక్ అడ్జస్టర్ (పాలసీదారు తరఫున క్లెయిమ్ చూసేవాళ్లు) లైసెన్స్ కావాలి, పైగా ఒకే మనిషి ఒకే ఇంటికి రూఫింగ్, అడ్జస్టింగ్ రెండూ చేయడానికి వీల్లేదు. పబ్లిక్ అడ్జస్టర్ ఫీజు క్లెయిమ్ మొత్తంలో 10 శాతం మించకూడదు. 5,500 తేడాకి పెట్టుకుంటే మీకు పెద్దగా మిగలదు. కాగితాలు రూఫర్ దగ్గర తీసుకుని మీరే ఈమెయిల్ చేయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

మల్లెపందిరి
డిడక్టిబుల్ మాట చెప్పిన రూఫర్‌ని అక్కడే వదిలేయండి. ఇన్సూరెన్స్ డబ్బుతో చేసే పనిలో డిడక్టిబుల్ మాఫీ చేయడం, సర్దేయడం 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో నేరం. డిప్రీసియేషన్ విడుదల చేసే ముందు మీరు 9,000 కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు. క్యాన్సిల్డ్ చెక్కో, కార్డు స్టేట్‌మెంటో లేకపోతే మీ 8,400 ఆగిపోతుంది. దొంగ రశీదు ఇస్తాడంటే మీరూ ఇరుక్కుంటారు. రూఫర్లకి ఈ రాష్ట్రంలో లైసెన్సే లేదు కాబట్టి లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వాళ్ల ఏజెంట్ నుంచి నేరుగా తెప్పించుకోండి.

చెక్కు మీద మార్ట్‌గేజ్ కంపెనీ పేరు ఉందా? ఉంటే వాళ్ల లాస్ డ్రాఫ్ట్ డిపార్ట్‌మెంట్‌కి (క్లెయిమ్ చెక్కులు చూసే విభాగం) ఎండార్స్‌మెంట్, అంటే చెక్కు వెనక సంతకం కోసం పంపాలి. మొత్తం పెద్దదైతే డబ్బు వాళ్ల దగ్గరే పెట్టుకుని ఇన్‌స్పెక్షన్ చేసి విడతలుగా ఇస్తారు. ముందే అడగండి, రూఫర్ పని ముగించి తలుపు దగ్గర నిలబడ్డాక కాదు.

షింగిల్‌శాస్త్రి
@మల్లెపందిరి సరిగ్గా చెప్పారు. ఒక్కటే చేరుస్తాను: కంపెనీ నాన్చుతుంటే టెక్సస్‌లో గడువులున్నాయి. అడిగిన కాగితాలన్నీ అందిన 15 పనిదినాల్లో అవుననో కాదనో చెప్పాలి, ఇస్తామన్నాక 5 పనిదినాల్లో డబ్బివ్వాలి. పెద్ద తుపాను విపత్తుగా ప్రకటిస్తే మాత్రం ఇంకో 15 రోజులు కలుస్తాయి. ధర దగ్గరే పీటముడి పడితే పాలసీలో అప్రెయిజల్ క్లాజ్ (రెండు వైపులా ఒక్కో అప్రెయిజర్, వాళ్లకి కుదరకపోతే అంపైర్ ధర తేల్చే పద్ధతి) ఉందేమో చూడండి. కానీ మీ వైపు అప్రెయిజర్ ఖర్చు, అంపైర్ ఖర్చులో సగం మీవే, కాబట్టి చిన్న తేడాకి గిట్టదు.

క్లాస్ 4 షింగిల్స్ (వడగళ్లని బాగా తట్టుకునే రకం) వేయిస్తే అదనపు ఖర్చు మీదే, ప్రీమియంలో తగ్గింపు రావచ్చు. ఆ తగ్గింపు తీసుకునేటప్పుడు సంతకం పెట్టించుకునే ఫారంలో కాస్మెటిక్ డ్యామేజ్ మినహాయింపు (చూపు మాత్రమే చెడితే డబ్బివ్వమనే షరతు) ఉందేమో చదివి మరీ పెట్టండి.