తెలుగు స్క్రాబుల్‌లో బిళ్ళ మీద ఏం రాయాలి?

అక్షరాల బిళ్ళలు బోర్డు మీద పేర్చి పదాలు కట్టే ఇంగ్లీషు స్క్రాబుల్ లాంటి ఆట తెలుగులో ఆడాలంటే ఒక్కో బిళ్ళ మీద ఏం ఉండాలని నిన్న ఒకరు అడిగారు. గుణింతాలన్నీ రాసేస్తే సరి అని కొందరు, అచ్చులూ హల్లులూ విడగొట్టాలని ఇంకొందరు అన్నారు. రెండూ ఆటలో నిలబడవని నా అభిప్రాయం.

1930లలో ఆ ఆటను తయారుచేసిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ పత్రికలు ముందేసుకుని, ఏ అక్షరం ఎంత తరచుగా వస్తోందో లెక్కపెట్టాడు. మొత్తం 100 బిళ్ళలు. ఎక్కువగా వచ్చే ‘ఈ’కి 12 బిళ్ళలు, ఒక్కోదానికి 1 పాయింటు. క్యూ, జెడ్ ఒక్కొక్కటే, 10 పాయింట్లు. 26 అక్షరాలు కాబట్టి ఆ లెక్క కుదిరింది. మన గుణింతాలే నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు కాకుండానే. పోనీ విడగొడదామంటే ‘పలక’కి ప్, అ, ల్, అ, క్, అ అని ఆరు బిళ్ళలు కావాలి. బోర్డు మీద దాన్ని ఎవరు చదువుతారండీ?

అక్షరాలు తారుమారు చేయడంలో మన చెవి ఎలా పనిచేస్తుందో చూడండి. పలకని తిప్పితే కలప. నవల తిరిగితే వలన. కవితని తవిక అని ఆటపట్టించడం మనందరికీ తెలిసిందే. జాగా మారేది ఎప్పుడూ పూర్తి అక్షరమే. పత్రికల గళ్ళ నుడికట్టులోనూ అంతే, ‘రాష్ట్రం’ రెండే గళ్ళు.

కానీ కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో అదే ‘రాష్ట్రం’ ఎనిమిది ముక్కలు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. అక్షరాలు తారుమారు చేయడానికి ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాముకి ఈ పదం ఇస్తే ఆ ఎనిమిదింటినీ కలగలిపేస్తుంది. ముందు దీర్ఘం పడితే, పట్టుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం పక్కన వేలాడుతుంది. అందుకే ప్రోగ్రాము రాసేవాళ్ళు ముందు పదాన్ని అక్షరాలుగా కోయాలి, తర్వాతే తారుమారు చేయాలి.

నా ప్రతిపాదన ఇది. ఒక గడికి ఒక అక్షరం. బిళ్ళలు మాత్రం విడివిడిగా: తలకట్టు హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు, సున్న. ఒకే గడిలో పేర్చుకోవచ్చు, పాయింట్లు కూడుకోవచ్చు. ‘రా’కి రెండు బిళ్ళలు, ‘ష్ట్రం’కి నాలుగు.

పాయింట్ల దగ్గర ఒక జాగ్రత్త. ఞ అరుదైన అక్షరం కదా అని ఎక్కడ కనిపించినా పది పాయింట్లు ఇచ్చేస్తే అన్యాయం. ఒత్తుగా అది జ్ఞానం, ఆజ్ఞ, యజ్ఞం, విజ్ఞానం అంటూ రోజూ వాడే మాటల్లోనే ఉంది. హల్లుకి ఒక వెల, దాని ఒత్తుకి వేరే వెల పెట్టాలి. ఙ ఉన్న ‘వాఙ్మయం’ పేర్చినవాళ్ళకి మాత్రం ఎంతిచ్చినా తక్కువే.

‘లు’ చేరిస్తే ప్రతి పదమూ బహువచనం అయిపోయి ఆట చప్పబడుతుందని ఒక అన్నగారు అన్నారు. ఇంగ్లీషులో ఆ భయంతోనే ‘ఎస్’ బిళ్ళలు నాలుగే పెట్టారు. మనకి అంత భయం అక్కర్లేదు. పలకలు, కవితలు సులువే. పుస్తకం పుస్తకాలు కావాలంటే సున్న ఊడిపోవాలి. చెట్టు చెట్లు కావాలంటే ఒత్తే మారాలి. ఇల్లు ఇళ్ళు అయితే హల్లే మారిపోతుంది. బోర్డు మీద పెట్టిన బిళ్ళ తీయకూడదు కాబట్టి ఇవేవీ కుదరవు. మన వ్యాకరణమే కాపలా కాస్తోంది.

అసలు తగువు నిఘంటువు దగ్గర వస్తుంది. పాత రాతను పాటించే సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రమాణమంటే గుఱ్ఱము, పుస్తకము అని పేర్చాలి, బండి ఱ కూడా సంచిలో ఉండాలి. ఇప్పటి రాత ప్రకారం గుర్రం, పుస్తకం. నా ఓటు ఇప్పటి రాతకే, ఎందుకంటే ఈ ఆట పిల్లలు ఆడాలి. అలాగే ళ్ళ, ళ్ల రెండూ చెల్లుతాయని ముందే రాసుకోవాలి. సూర్యరాయాంధ్ర వైపు ఉన్నవాళ్ళు ఱ బిళ్ళలు ఎన్ని పెడతారో, పాయింట్లు ఎన్నిస్తారో కింద చెప్పండి.