జూమ్‌లో పద్యాల గోష్ఠి: మైకు ఆపమని పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి?

ప్రశ్న (పద్యాల పిచ్చి): ప్రతి నెలా రెండో ఆదివారం రాత్రి 7:30కి మా చుట్టాలం ఓ 20 మందిమి జూమ్‌లో కలిసి పద్యాలు చదువుకుంటాం. రాజమండ్రి, హైదరాబాద్, డాలస్, ఎక్కడెక్కడి వాళ్లో ఉంటారు. పోయిన నెల మా పెద్ద మామయ్య రాగం తీసి పద్యం అందుకున్నారు. ఆయనకి 74 ఏళ్లు, రిటైరైన తెలుగు మాస్టారు. మూడో పాదంలో ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. నవ్వి ఊరుకున్నాం. ఆ వెంటనే "ఈయన ఇప్పట్లో వదలడే" అని ఒక గొంతు! మాట్లాడేవాళ్ల పెట్టె చుట్టూ రంగు గీత వస్తుంది కదా, అది మా పిన్ని అని అందరికీ తెలిసిపోయింది. మామయ్య "సరేనమ్మా, ఉంటాను" అని వెళ్లిపోయారు. అందరూ నాకంటే పెద్దవాళ్లే. మ్యూట్‌లో ఉండమంటే 'నువ్వా మాకు చెప్పేది' అంటారు. ఏం చేయను?

ఆన్‌లైన్ పంతులమ్మ: వాళ్లకి చెప్పకండి, మీరే చేసేయండి. మీటింగ్ పెట్టేది మీరేగా? పార్టిసిపెంట్స్‌లోకి వెళ్లి 'మ్యూట్ ఆల్' నొక్కండి. అక్కడే, ఎవరికి వాళ్లు అన్‌మ్యూట్ చేసుకోవచ్చా అని ఒక టిక్కు ఉంటుంది, అది తీసేయండి. చదివేవాళ్ల వంతు రాగానే వాళ్ల పేరు పక్కన 'ఆస్క్ టు అన్‌మ్యూట్' నొక్కితే సరి. ఒక్క మాట, హోస్ట్ ఎవరి మైకునైనా ఆపగలరు కానీ వాళ్ల అనుమతి లేకుండా తెరవలేరు. అవతలివాళ్ల ఫోన్లో చిన్న పెట్టె వస్తుంది, దాన్ని వాళ్లే నొక్కాలి. పెద్దవాళ్లకి ముందురోజే ఫోన్ చేసి ఆ ఒక్క నొక్కుడూ నేర్పండి, చాలు. మొదటి నెల మామయ్య దగ్గర మనవడో మనవరాలో కూర్చుంటే ఇంకా నయం.

పాత శ్రోత: నాకిది నచ్చలేదు. పద్యం చదివేవాడికి "ఆహా", "భళా" వినపడకపోతే గోడకి చెప్పినట్టుంటుంది. 20 నల్ల పెట్టెల ముందు ఎవరు చదువుతారు?

ఆన్‌లైన్ పంతులమ్మ: మీరన్నది నిజమే. అందుకే మైకు ఆపినా కెమెరా ఆపొద్దంటాను. తల ఊపుతుంటే కనపడాలి. పద్యం అవగానే ఆ టిక్కు మళ్లీ పెట్టి ఒక నిమిషం అందరినీ మాట్లాడనివ్వండి. ఆహాలన్నీ అప్పుడే.

డాలస్ బావ: మా ఇంట్లో నేనూ మా ఆవిడా ఒకే హాల్లో రెండు ఫోన్లలో చేరితే అందరికీ గొంతు మారుమోగింది. ఒక ఫోన్ స్పీకర్లోంచి వచ్చిన మాటని రెండో ఫోన్ మైకు లాక్కుంటుంది. ఒక గదికి ఒకే మైకు, ఒకే స్పీకరు. ఇంకోటి, ఇక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతాం. మీ 7:30 మాకు వేసవిలో ఉదయం 9, చలికాలంలో 8. ఇడ్లీ పొయ్యి మీద ఉండే టైమ్ అది. ఆ కుక్కర్ మాదేనేమో కూడా!

పద్యాల పిచ్చి: మామయ్య రాగం పొడుగ్గా తీస్తే మధ్యలో గొంతు మింగేసినట్టు పోతోంది. నెట్ వల్లేనా? చివర్లో మంగళహారతి అందరం కలిసి పాడదామంటే ఒకరి వెనక ఒకరు తోక పట్టుకున్నట్టు వస్తోంది.

పాత శ్రోత: మొదటిది నెట్ వల్లే కానక్కర్లేదు. చుట్టుపక్కల చప్పుడు తీసేసే ఏర్పాటు ఒకటి జూమ్‌లో ఉంటుంది, అది సాగదీసిన రాగాన్ని కూడా చప్పుడే అనుకుంటుంది. కంప్యూటర్లో ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజీషియన్స్' ఆన్ చేయించండి. ఫ్యాన్ మాత్రం ఆపాలి, లేకపోతే అదీ పాడుతుంది. రెండోదానికి మందు లేదు. ప్రతి ఇంటికీ గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది. హారతి ఒకరే పాడండి, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి వాళ్ల ఇంట్లో వాళ్లు గొంతు కలపండి.

ఆన్‌లైన్ పంతులమ్మ: స్క్రీన్‌షాట్లు కూడా ఆపించండి. ఇంటి చీరలో, తల దువ్వుకోకుండా కూర్చున్నవాళ్ల ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడితే వచ్చే నెల కెమెరాలన్నీ మూసుకుంటాయి.

పద్యాల పిచ్చి: మామయ్యకి ఫోన్ చేశాను. "మీ పిన్ని నోరు నువ్వు నొక్కేస్తానంటే వస్తా" అన్నారు. పిన్నికేమో పూర్తిగా చెప్పలేదు, ఈసారి మొదటి పద్యం తనదే అని మాత్రం చెప్పాను. ఇంతకీ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కట్ అవుతుందిగా, మామయ్యని మొదటి విడతలో పెట్టనా, రెండో విడతలోనా?

పాత శ్రోత: రెండో విడతలో, అందరికంటే ముందు. మధ్యలో కట్ అయితే మళ్లీ అలుగుతారు.