మనోవర్తి ఎగ్గొట్టడాన్ని నేరంగా ప్రకటించాలా?

కృష్ణాతీరం:
మా అక్కకూ ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు 9 వేలు మనోవర్తి ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 10 నెలలు ఒక్క రూపాయి రాలేదు. వారంటు తీయిస్తే బావ నెల రోజులు జైల్లో ఉండి వచ్చి, "శిక్ష అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు" అని కబురు పంపాడు. కన్నబిడ్డలను పస్తు పెట్టడం నేరం కాదా? జర్మనీ శిక్షాస్మృతి 170వ సెక్షన్ కింద పోషణ బాధ్యత ఎగ్గొడితే జరిమానా గానీ, 3 ఏళ్ల వరకు జైలు గానీ పడుతుంది. మనకూ అలాంటి చట్టం కావాలి.

పాత_ప్లీడరు:
మీ బావ మాట నమ్మకండి బాబూ. జైలుకు వెళ్లొస్తే బకాయి తీరిపోదని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జైలు వసూలు కోసం తెచ్చే ఒత్తిడి మాత్రమే. ఒకటి గుర్తుంచుకోండి: బకాయి పడిన ఏడాదిలోగా వారంటుకు దరఖాస్తు చేయకపోతే ఆ నెలలకు ఈ దారి మూసుకుపోతుంది. మనోవర్తి ఇప్పించే పాత నేర విచారణ స్మృతి 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది.

ఇక మీరు అడిగే కొత్త నేరం. నేరమంటే, డబ్బు ఉండి కావాలనే ఎగ్గొట్టాడని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. ఇప్పుడు అంత రుజువు అక్కర్లేదు. అనుమానం కింద అతను విడుదలైతే నష్టపోయేది మీ అక్కే.

మగ్గంవీధి:
మా తమ్ముడిది నేత పని. మగ్గం ఆగిపోయి, కట్టలేక జైలుకు వెళ్లాడు. ఆ నెల కూలీ పోయింది, పిల్లలకు పంపే కాస్తా పోయింది. లేనివాడినీ ఉండి ఇవ్వనివాడినీ ఒకే గాట కట్టకండి.

పాత_ప్లీడరు:
మీ బాధ అర్థమైంది. తగిన కారణం ఉంటే జైలుకు పంపకూడదని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆదాయం పడిపోగానే, బకాయి పేరుకోకముందే, మొత్తం తగ్గించమని కోర్టును అడగాలి. చాలామంది అడగరు.

ఇద్దరుబిడ్డలతల్లి:
నాకు జైలు వల్ల రూపాయి రాలేదు, జీతం జప్తు వల్ల వచ్చింది. మనోవర్తి ఉత్తర్వును సొమ్ము డిక్రీలా, అంటే బాకీ కట్టమని సివిల్ కోర్టు ఇచ్చే తీర్పులా అమలు చేయించవచ్చని 2020లో రజ్నేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనోవర్తి డిక్రీకి జీతంలో మూడో వంతే మినహాయింపు, మిగతాది జప్తు చేయవచ్చు. కానీ అందరి మొగుళ్లకూ జీతం చీటీ ఉండదు కదా! దుకాణం పెట్టుకుని, కారులో తిరుగుతూ, కోర్టులో మాత్రం నెలకు 6 వేలే సంపాదన అని రాసిచ్చేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ తీర్పే ఇద్దరినీ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపమంది. అందులో అబద్ధం చెప్పినవాడిని ఇప్పుడున్న చట్టాలతోనే శిక్షించవచ్చు. అడిగేవాళ్లు లేరు, పట్టించుకునేవాళ్లు లేరు. తమ్ముడూ, కొత్త నేరం కంటే ముందు అది అడుగు.

కృష్ణాతీరం:
అక్కా, బావ ప్రమాణపత్రం నకలు మా దగ్గరే ఉంది. పేరు మీదున్న ట్రాక్టరు అందులో లేదు. సోమవారం అక్కను తీసుకెళ్లి దాని మీదా, మిగిలిన బకాయి మీదా దరఖాస్తులు వేయిస్తాను. 3 ఏళ్ల శిక్ష ఉండాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.