అప్‌డేట్: వారానికి మూడు రోజుల పద్ధతినే ఎంచుకున్నాను

రోజుకొక కండరం చొప్పున వారానికి ఆరు రోజులు బరువులెత్తాలా, లేక మూడు రోజులే వెళ్లి ప్రతిసారీ ఒళ్లంతటికీ వ్యాయామం ఇవ్వాలా అని మూడు నెలల క్రితం అడిగాను. మీలో ఎక్కువమంది సూచించిన రెండో పద్ధతినే పట్టుకున్నాను. స్క్వాట్ (భుజాల మీద రాడ్డు పెట్టుకుని కూర్చుని లేవడం) ప్రతిసారీ ఉంటుంది. దానికి తోడు ఒకనాడు బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని రాడ్డును పైకి నెట్టడం), బార్‌బెల్ రో (ముందుకు వంగి రాడ్డును పొట్టవైపు లాగడం) చేస్తే, మరుసటిసారి ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి రాడ్డును తలపైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా లేవడం) చేస్తున్నాను. డెడ్‌లిఫ్ట్ ఐదు రెప్‌లతో (రెప్ అంటే ఒకసారి ఎత్తి దించడం) ఒక్క సెట్టే (ఆపకుండా చేసే రెప్‌ల వరుస), మిగతావి ఐదేసి రెప్‌లతో ఐదు సెట్లు.

20 కిలోల ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టినప్పుడు పక్కవాళ్ల ముందు కాస్త నామోషీగా అనిపించిన మాట నిజమే గానీ, 2.5 కిలోల చొప్పున పెంచుకుంటూ పోవడం వల్ల, పెళ్లిళ్లకని కొన్ని రోజులు ఎగ్గొట్టినా, స్క్వాట్ ఇప్పుడు 60 కిలోలకు చేరింది. మధ్యలో 50 దగ్గర మోకాళ్లు లోపలికి వాలుతున్నాయని వీడియో తీసి చూసుకున్నాకే తెలిసింది. 40కి దిగి, పాదాలను కొద్దిగా బయటికి తిప్పి నిలబడడం నేర్చుకున్నాను. ఓవర్‌హెడ్ ప్రెస్ మాత్రం 30 దగ్గర మొండికేసింది. మా జిమ్‌లో 1.25 కిలోల కంటే చిన్న ప్లేట్లు లేనందున, రెండు వైపులా వేస్తే ఒకేసారి 2.5 కిలోలు పెరుగుతుంది కాబట్టి, అదే బరువుతో ఒక్కో రెప్ పెంచుతూ చూస్తున్నాను.