కల్పిత పట్టణంలో ఒక కుటుంబం నడిపే మాంసపు కొట్టు: దాని నుంచి కథ పుట్టించడం ఎలా?

పాచికల పంతులు:

అందరికీ నమస్కారం. నేను మిత్రబృందం కోసం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రలుగా మాట్లాడుతూ కలిసి కథ నడిపే ఆట) ఐదవ ఎడిషన్ నడుపుతున్నాను. కథాస్థలం ఎనిమిది వందల మంది నివసించే ఒక నదీతీర పట్టణం. వాతావరణం మధ్యయుగపు ఐరోపాను పోలి ఉంటుంది. అక్కడి సంతవీధిలో మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న మాంసపు కొట్టు ఒకటి పెట్టాను. కొడుకు యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు కాబట్టి ముసలి తండ్రి, కోడలు, ఆమె ఇద్దరు కూతుళ్ళు కలిసి దానిని నెట్టుకొస్తున్నారు. అయితే ఆటగాళ్ళు లోపలికి వెళ్ళి, ఎండుమాంసం కొనుక్కుని, రెండు మాటలు మాట్లాడి బయటికి వచ్చేస్తున్నారు. కమ్మరి కొలిమి దగ్గర, మందుల కొట్టు దగ్గర గంటసేపు గడిపేవారికి ఇక్కడ పనేమీ దొరకడం లేదు. నేలమాళిగలో నరమాంసం అమ్ముతున్నారన్న కథను మాత్రం దయచేసి సూచించవద్దు. గుమ్మం తొక్కకముందే ఆటగాళ్ళు దానిని ఊహిస్తారు. అటువంటి కుటుంబం నిజానికి ఎలా బతికేదో, ఆ బతుకులో నుంచి కథను ఎలా తీయవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

కోటగోడ:

పంతులు గారూ, మీ కొట్టు బల్ల మీద మాంసం ఒక్కటే ఉండడం అసలు ఇబ్బంది అని నాకు అనిపిస్తోంది. ఆ కాలపు కసాయి ఇంటి నుంచి తోళ్ళు పదును చేసేవారికి తోలు, దీపాలకు కొవ్వు, జిగురు కాచేవారికి గిట్టలు, వాద్యాల తంత్రులకు పేగులు వెళ్ళేవి. కొమ్మును వేడిచేసి పలుచని రేకులుగా తీసి, గాజుకు బదులుగా లాంతర్లకు బిగించేవారు. అంటే ఈ కొట్టు నాలుగు రోజులు మూతపడితే తోలు కవచాలు కుట్టేవాడి దగ్గర నుంచి గుడిలో దీపం వెలిగించేవాడి వరకు అందరూ ఆ ఇంటి తలుపు తట్టవలసిందే.

చుట్టుపక్కలవారితో తగాదా కూడా తప్పేది కాదు. నెత్తురు, పేగుల మురికి వీధిలో పారుతుంటే ఊరుకునేవారెవరు? ప్లేగు మహామారి తరువాత, 1361లో, మూడవ ఎడ్వర్డ్ రాజు లండన్ నగరానికి కావలసిన పశువులను ఊరి బయట స్ట్రాట్‌ఫర్డ్‌లోనో నైట్స్‌బ్రిడ్జ్‌లోనో కోయాలని ఆజ్ఞాపించాడు. మీ పట్టణ పెద్దలు కూడా కబేళాను ఏటి అవతలికి మార్చమంటే, ముసలాయన ఏమంటాడు?

అన్నిటికన్నా పనికివచ్చే ఉదాహరణ పారిస్‌ది. షాత్లే కోట దగ్గరి పెద్ద మాంసపు అంగడిలో బల్లల మీద హక్కు కొన్ని కుటుంబాలకే ఉండేది, అది మగ సంతానానికి మాత్రమే సంక్రమించేది. ఆ కుటుంబాల పలుకుబడి ఎంతటిదంటే, 1413లో అక్కడ తోళ్ళు ఒలిచే సిమోన్ కబోష్ పేరు మీదుగా సాగిన తిరుగుబాటులో వారు కొన్ని నెలల పాటు నగరాన్ని తమ గుప్పిట పెట్టుకున్నారు; 1416లో ఆ అంగడిని కూలగొట్టించారు కూడా. ఈ వారసత్వపు నియమాన్ని మీ పట్టణంలో పెట్టి చూడండి. కొడుకు బతికి ఉన్నాడన్న ఆశ ఉన్నంతకాలం కొట్టు కోడలి చేతిలో ఉంటుంది. చనిపోయాడని రుజువైన మరునాడు అది ఏ దాయాదికో పోతుంది, ఎందుకంటే ఉన్నది ఇద్దరూ ఆడపిల్లలు. మీ ఆటగాళ్ళు పాత యుద్ధభూమిలో అతని ఉంగరం దొరికించుకుని, మంచిపని చేస్తున్నామనుకుంటూ దానిని తెచ్చి ఆమె చేతిలో పెడతారు.

లెక్కల చిట్టా:

కోటగోడ గారి వారసత్వపు ముడి బాగున్నది కానీ, అది ఒక్కసారి విప్పితే అయిపోతుంది. ఏడాది పొడవునా కొట్టును నడిపించేది ఉప్పు, పండుగలు. ఈ ఆట నియమాల పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ధరలే తీసుకుంటే పంది 3 బంగారు నాణేలు, మాంసపు ముక్క 3 వెండి నాణేలు. పది ముక్కలు అమ్మితే పెట్టుబడి వచ్చేస్తుంది. కోడి 2 రాగి నాణేలైతే పౌను ఉప్పు 5 రాగి నాణేలు. కోడి కన్నా ఉప్పు ప్రియమైన ఊరు మీది. (ఆ పట్టికను మరీ నమ్మవద్దు, అది సాహసికుల సంచీ నింపడానికి రాసినది, ఊరి ఆర్థికవ్యవస్థను నడపడానికి కాదు.)

ఐరోపాలో చలికాలమంతా మేపడానికి మేత చాలదు కాబట్టి నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ నాటికి పశువులను పెద్ద ఎత్తున కోసి ఉప్పులో ఊరవేసేవారు. ఆ వారంలో ఉప్పు పడవ ఏటి మీద ఆగిపోతే కొట్టు ఒక్కటే కాదు, ఊరంతా చలికాలపు తిండి కోల్పోతుంది. ఆటగాళ్ళకు అప్పజెప్పడానికి ఇంతకన్నా సూటి పని ఏముంటుంది? అలాగే ఈస్టరుకు ముందు నలభై రోజులు మాంసం నిషిద్ధం. మీ పట్టణపు దేవుడికి కూడా అటువంటి దీక్ష ఒకటి పెట్టి, ఆ రోజులలో దొంగచాటుగా మాంసం అడిగే పెద్దమనిషి ఎవరో మీరే నిర్ణయించండి.

మంత్రాల మూట:

ఒక చిన్న చేర్పు. ఈ ఆటలో చాలా మంత్రాలకు ఏదో ఒక సామగ్రి చేతిలో ఉండాలి. జారుడు మంత్రమైన గ్రీజ్‌కు పంది తోలు ముక్కో వెన్నో కావాలి. శవాలను లేపే యానిమేట్ డెడ్‌కు ఒక నెత్తుటి బొట్టు, ఒక మాంసపు ముక్క, చిటికెడు ఎముకల పొడి కావాలి. ఆటగాళ్ళ దగ్గర ఇటువంటి చిల్లర వస్తువులన్నీ ఉన్నట్టే లెక్కించే సామగ్రి సంచీ ఉంటుంది కాబట్టి వారు వీటిని కొనరు. కానీ ఆ సంచీ లేని రహస్య మాంత్రికుడికి ఈ మూడూ ఒక్కచోటనే దొరుకుతాయి. ప్రతి అమావాస్యకూ ఇవే అడిగి, బేరమాడకుండా డబ్బిచ్చి వెళ్ళే మనిషి గురించి చిన్న కూతురు యథాలాపంగా చెబితే చాలు. నెక్రోమాన్సర్ (శవాలను లేపే మాంత్రికుడు) ఆచూకీ కొట్టు బల్ల మీదనే దొరుకుతుంది.

పాచికల పంతులు:

అందరికీ కృతజ్ఞతలు. ఉంగరాన్నీ ఉప్పు పడవనూ రెంటినీ వాడుకుంటాను: పడవ ఆగిన వారంలోనే ఉంగరం బయటపడుతుంది, ఉప్పుకు అప్పిచ్చేవాడే ఆ దాయాది. ఒక్క సందేహం మిగిలింది. మా బృందంలోని పూజారి జెంటిల్ రిపోజ్ మంత్రంతో మాంసం కుళ్ళకుండా ఆపి ఉప్పు అవసరమే లేదంటే ఏమి చెప్పాలి?

లెక్కల చిట్టా:

చేయనివ్వండి. 2014 నాటి పుస్తకం ప్రకారం ఆ మంత్రం ఒక్కసారికి ఒక్క కళేబరాన్నే, అదీ పది రోజులే కాపాడుతుంది. పైగా కళేబరపు రెండు కళ్ళ మీద రాగి నాణేలు పెట్టి, వాటిని గడువంతా కదలకుండా ఉంచాలి, అంటే పంది తల ఊడదీయకూడదు. అన్నిటినీ మించి, ఆ మంత్రపు సామగ్రిలో చిటికెడు ఉప్పు కూడా ఉన్నది.