అప్‌డేట్: పుణె నుంచి వచ్చిన మా చెల్లెలికి జికా పరీక్ష

నాలుగో నెల గర్భంతో పుణె నుంచి విశాఖపట్నంలోని పుట్టింటికి వచ్చిన మా చెల్లెలికి జ్వరం, ఒంటిపై దద్దుర్లు వచ్చాయనీ, 2024లో పుణెలో గర్భిణులకూ జికా (దోమకాటుతో వచ్చే, కడుపులోని బిడ్డ తల సరిగా ఎదగకుండా చేయగల వైరస్) సోకిన సంగతి తలచుకొని ఇంటిల్లిపాదీ భయపడుతున్నామనీ చెప్పి, ఏం చేయాలో ఇదివరకు మిమ్మల్ని అడిగాను. వెంటనే పరీక్ష చేయించమన్న వారందరికీ కృతజ్ఞతలు.

రక్తం, మూత్రం నమూనాల ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో జికా కనిపించలేదు. డెంగీ కూడా లేదు. అయితే ఈ వైరస్ పరీక్షలో బయటపడే వ్యవధి తక్కువ కాబట్టి, ఒక్క నెగెటివ్ ఫలితంతో నిశ్చింత పడకుండా, శిశువు తల పెరుగుదలను స్కానింగులలో గమనిస్తూ ఉండాలని వైద్యురాలు చెప్పారు. గర్భిణికి జికా సోకినా బిడ్డలందరికీ హాని జరగదనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 5 నుంచి 15 శాతం మంది శిశువుల్లోనే సమస్యలు కనిపిస్తాయనీ ఆమె వివరించాక మా అమ్మ ఆ రోజు మొదటిసారి అన్నం తిన్నది. లైంగిక సంపర్కం వల్ల కూడా జికా సోకుతుంది కనుక, చెల్లెలి భర్త వచ్చినా ప్రసవం వరకు కండోమ్ వాడాలని చెప్పారు. ఇది ఇళ్లలో ఎవరూ మాట్లాడని విషయం, కానీ మాట్లాడి తీరాలి.

టీకా లేదు కాబట్టి దోమకాటు తప్పించుకోవడమే మార్గం. డెంగీని మోసే ఏడిస్ దోమే జికానూ మోస్తుంది, ఎక్కువగా పగలే కుడుతుంది. మేమేమో ఇన్నాళ్లూ రాత్రిపూట మాత్రమే దోమతెర కట్టాం. మేడమీద పూలకుండీల కింది పళ్లేలలో, ఫ్రిజ్ వెనుక తొట్టెలో దోమల పిల్లపురుగులు దొరికాయి. వారానికోసారి అన్నీ ఒంపి, తోమి, ఆరబెడుతున్నాం; పక్కవాటాల వారినీ అడిగితే కాదనలేదు.

అయిదో నెల స్కానింగ్ వచ్చే వారం.