అత్తమ్మ మంత్రాలయం వెళ్తుంది, మేము చర్చికి వెళ్తాం: ఇంట్లో ప్రేమ చూపించడం ఎలా?

ఎమ్మిగనూరు కోడలు:

అందరికీ వందనాలు. మాది ఎమ్మిగనూరు. మావారిది మగ్గం పని. పెళ్ళయిన కొన్నేళ్ళకు మేమిద్దరం బాప్తిస్మం తీసుకున్నాం. మా అత్తమ్మ రాఘవేంద్రస్వామి భక్తురాలు, గురువారం వచ్చిందంటే మనసంతా మంత్రాలయం మీదే. మామగారు పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. షుగరు ఎక్కువ, చూపు తగ్గింది, ఒక్కతే బస్సు ఎక్కలేదు.

బాప్తిస్మం విషయంలో ఆమె కోపమంతా నా మీదే. "నా కొడుకును నాకు కాకుండా చేశావు" అంటుంది. కొడుకును మాత్రం ఒక్క మాట అనదు. నేను చేసిన సంగటి తింటుంది, నీళ్ళు మాత్రం తన చెంబుతో తానే ముంచుకుంటుంది. ఆదివారం మేము చర్చికి బయలుదేరే వేళకే ఆమెకు కళ్ళు తిరుగుతాయి. కావాలనే చేస్తుందని మావారు అంటారు. నాకు అలా అనుకోవడం ఇష్టం లేదు.

స్త్రీల కూడికలో అక్కలు "రోజూ వాక్యం చెప్పు, అంతకు మించిన ప్రేమ లేదు" అంటున్నారు. ఆమెకు తోడుగా మంత్రాలయం వెళ్తే నా సాక్ష్యం చెడుతుందని ఒక అక్క గట్టిగా చెప్పారు. మావారేమో ఏమీ మాట్లాడవద్దంటారు. నాకు ఆమె మీద నిజంగా ప్రేమ ఉంది. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు ఇంట్లో ఏం చేస్తే అది ఆమెకు ప్రేమగా అందుతుంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నంద్యాల సహోదరుడు:

చెల్లెమ్మా, ఓర్చుకోండి. 1 కొరింథీయులకు 13లో ప్రేమ గురించి మొదట చెప్పిన మాటే సహనం. ఆమె ఎన్ని అన్నా ఎదురు చెప్పకండి. వాక్యం చెప్పడం మాత్రం మానకండి, రేపు అవకాశం ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? మంత్రాలయం విషయంలో ఆ అక్క చెప్పింది నిజమేనని నా నమ్మకం. ఇంకెవరినైనా తోడు పంపండి.

గుత్తి నుంచి:

నంద్యాల అన్నతో చివరి మాట దగ్గర ఏకీభవించలేను. 2 రాజులు 5వ అధ్యాయం చూడండి. కుష్ఠు బాగుపడిన తర్వాత సిరియా సేనాధిపతి నయమాను ఇకపై యెహోవాకే బలులు అర్పిస్తానన్నాడు. వెంటనే ఒక సంగతి అడిగాడు: నా యజమాని రిమ్మోను అనే దేవత గుడిలో మొక్కడానికి నా చేతి మీద ఆనుకుని వెళ్తాడు, అప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, దాన్ని దేవుడు క్షమిస్తాడా అని. ఎలీషా ప్రవక్త అతణ్ణి గద్దించలేదు, మనసు నెమ్మదితో వెళ్ళమని పంపాడు. చూపు ఆనని పెద్దమనిషికి చెయ్యి అందించి బస్సు ఎక్కించడం నయమాను చేసిన పనికంటే చిన్నదే. ఆమె దర్శనం చేసుకుని వచ్చేవరకు మీరు బయట నీడన కూర్చోండి. ఎవరు చూసి ఏమనుకున్నా, తల్లి వయసు మనిషిని బస్టాండులో వదిలేసి రావడమే చెడ్డ సాక్ష్యం.

జమ్మలమడుగు నర్సమ్మ:

నేను జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. లండన్ మిషన్ వాళ్ళు 19వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ప్రార్థన కావాలన్న రోగి పక్కన ప్రార్థన చేసేదాన్ని, వద్దన్నవాళ్ళ దగ్గర చేసేదాన్ని కాదు. కట్టు మాత్రం ఇద్దరికీ ఒకేలా కట్టేదాన్ని.

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది మంత్రాలయం కాదు, ఆదివారం కళ్ళు తిరగడం. ఆ రోజు చర్చికి వెళ్ళే తొందరలో ఆమె టిఫిను ఆలస్యమవుతోందా? షుగరు మాత్ర వేసుకుని సమయానికి తినకపోతే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, కళ్ళు తిరగడం, చిరాకు, అన్నీ దాని గుర్తులే. అది నాటకం కాకపోవచ్చు. ఈ ఆదివారం ఆమెకు ముందు ఉగ్గాణి పెట్టి, తిన్నదని చూసుకుని, ఆ తర్వాతే చీర మార్చుకోండి. మొదటి పాట మీరు లేకుండా పాడతారు, పరవాలేదు. మళ్ళీ కళ్ళు తిరిగితే వేలి చుక్కతో షుగరు చూడండి. తక్కువగా ఉంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి.

రెండోది కాళ్ళు. షుగరు ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకు అరికాలిలో స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చూపు కూడా తగ్గింది అంటున్నారు కనుక ఆ పాదాలను ఆమె బదులు ఇంకొకరు చూడాలి. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్ళతో కడగండి. వేడి మీ మోచేతితో చూసుకోండి, ఆమెను అడగవద్దు, ఆమెకు తెలియదు. వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవండి. పాదానికి కొబ్బరినూనె రాయవచ్చు, సందుల్లో రాయకూడదు. గోళ్ళు తిన్నగా కత్తిరించండి. ఇంట్లో కూడా చెప్పులు వేయించండి.

యోహాను సువార్త 13లో ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి మనందరికీ తెలుసు. యూదా లేచి బయటికి వెళ్ళింది 30వ వచనంలో. కడగడం అంతకుముందే అయిపోయింది. అంటే యూదా కాళ్ళు కూడా ఆయన కడిగాడు. తనను అప్పగించేది అతడేనని తెలిసీ కడిగాడు. అలా కడిగినందుకు యూదా మారలేదు. మారతాడన్న లెక్క మీద కడిగినట్టూ ఆ అధ్యాయంలో లేదు. అందుకే నంద్యాల తమ్ముడికి చెబుతున్నాను, కాళ్ళు కడుగుతూ వాక్యం చెప్పవద్దు. సేవకు గాలం కట్టి ఉంటే ముసలివాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది, ఇక ఆ సేవ కూడా చేదవుతుంది. ఆమె అడిగిన రోజున చెప్పండి. ఆమె కోసం ప్రార్థన మీ గదిలో చేసుకోండి, ఎంతసేపైనా.

చెంబు సంగతి. దాన్ని ముట్టుకోకండి. బిందెను ఆమె వంగకుండా అందేంత ఎత్తులో పెట్టండి. అంతే.

ఇక ఓర్పు. "కొడుకును నాకు కాకుండా చేశావు" అన్న మాటకు జవాబు చెప్పవలసింది కోడలు కాదు, కొడుకు. బాప్తిస్మం తన ఇష్టంతో తీసుకున్నానని ఆయనే తల్లి పక్కన కూర్చుని చెప్పాలి. మాట పడుతున్నది భార్య, మౌనంగా ఉన్నది భర్త. దీన్ని సహనం అనడానికి నాకు మనసొప్పదు. సిలువ మీద ఉండి కూడా ప్రభువు తల్లిని ఒక శిష్యుడికి అప్పగించే పని మరచిపోలేదు. మగ్గం దిగాక ఆ కాళ్ళు కడిగే పని మీ ఆయన చేతికి ఇవ్వండి. ఆమె కొడుకును పోగొట్టుకోలేదని తెలియడానికి వేరే మాట అక్కర్లేదు.

ఎమ్మిగనూరు కోడలు:

అమ్మా, మీ మాటలు మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత తానే నీళ్ళు పెట్టారు. అత్తమ్మ మొదట కాళ్ళు ముడుచుకుంది, కొడుకని తెలిసి ఇచ్చింది. కడుగుతుంటే ఎడమ బొటనవేలి కింద పొక్కు కనిపించింది, చుట్టూ ఎర్రగా ఉంది. నొప్పి లేదంటుంది. గురువారం మంత్రాలయం వెళ్ళి వచ్చాక చూపిద్దామా? పసుపు పెట్టవచ్చా?

జమ్మలమడుగు నర్సమ్మ:

వద్దు తల్లీ, గురువారం దాకా ఆగవద్దు. నొప్పి లేకపోవడమే ప్రమాదం. పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టకండి, పొక్కు చిదమకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టి, ఆ కాలు మీద బరువు పడకుండా రేపు పొద్దునే డాక్టరుకు చూపించండి. నల్లబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ గురువారం ప్రయాణం కుదరదని ఆమెకు కొడుకు చేతనే చెప్పించండి. పుండు మానాక తానే తీసుకెళ్తానని కూడా ఆయన చెప్పాలి, చెప్పినట్టే తీసుకెళ్ళాలి.